వెల్డింగ్ మిషన్‌కు ఒక పాయింటు

దామోదర్ చెప్పుల స్టాండు కోసం వెల్డింగ్ మిషన్ కొన్నాడు. చెప్పుల స్టాండు అంగడిలో దొరుకుతుంది కదా అని అతని భార్య శైలజ అంది. దొరుకుతుందని దామోదర్‌కూ తెలుసు. కానీ ఈ మధ్య అతని కంపెనీకి ఒక పెద్దాయన వచ్చి, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు చేతులతో ఏదైనా తయారుచేస్తే మనసు తేలికపడుతుందని ఉపన్యాసం చెప్పి వెళ్ళాడు. వారం తిరక్కుండానే దామోదర్ టీములో ఒకడు రొట్టెలు కాల్చడం మొదలుపెట్టాడు. ఇంకొకామె కుండలు చేయడం నేర్చుకుంటోంది. టీముకు మేనేజరైనవాడు పిండి దగ్గరా మట్టి దగ్గరా ఆగిపోతే ఏం మర్యాద? ఇనుము దాకా పోవాలి.

కుందలహళ్ళిలో అతనికి సొంత ఇల్లుంది. కింద కారు పెట్టుకునే గ్యారేజీ, దాని మీద తాము ఉండే రెండంతస్తులు, ఆపైన డాబా మీద ఒక రేకుల గది. ఆ గదిలో మూడేళ్ళుగా కదిరి పక్క నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుంటోంది. తిరుపాలు, హనుమక్క, వాళ్ళ ఐదేళ్ళ పాప. హనుమక్క టెక్ పార్కులో ఊడ్చి తుడిచే పని చేస్తుందని దామోదర్‌కు తెలుసు. ఒకసారి ఆఫీసు లిఫ్టు దగ్గర ఎదురుపడింది. ఆమె నమస్కారం పెట్టింది, అతను ఫోను చూసుకున్నాడు. తిరుపాలు ఏం చేస్తాడో మాత్రం తెలియదు. ఏదో సైట్లో పని. బెంగళూరులో ప్రతివాడూ ఏదో ఒక సైట్లోనే పనిచేస్తాడు గనక అంతకు మించి అడగవలసిన అవసరం కలగలేదు.

మిషన్ శుక్రవారం వచ్చింది. ఎర్రటి ఇనుప డబ్బా, పైన ఇనుప పిడి, ముందు వైపు అంకెలు వెలిగే చిన్న అద్దం. దాంతోపాటు ముఖాన్ని కప్పే హెల్మెట్టు, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవుజులు, తోలు ఏప్రాను, వేళ్ళ మీద ఇనుప కప్పున్న బూట్లు వచ్చాయి. దామోదర్ అన్నీ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. ఆపైన గ్యారేజీలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గులో, కారు తుడిచే చిన్న వాక్యూమ్ క్లీనర్ కోసం పెట్టించిన దాంట్లో, మిషన్ ప్లగ్గు పెట్టి, కడ్డీని ఇనుప ముక్కకు తాకించాడు. ఇల్లంతా కరెంటు పోయింది. రెండో అంతస్తులో శైలజ ఆన్‌లైనులో పిల్లలకు లెక్కలు చెబుతోంది. చెన్నైలోనూ పూణెలోనూ పదకొండు మంది పిల్లలు భిన్నాల నుంచి అకస్మాత్తుగా విముక్తి పొందారు.

మర్నాడు పొద్దున శైలజే చిక్కమునియప్పను పిలిపించింది. ఆయన ఆ వీధిలో ముప్పై ఏళ్ళుగా కరెంటు పనులు చేస్తున్నవాడు. టెక్ పార్కు ఉన్నచోట రాగి చేలు ఉన్నప్పటి నుంచీ ఉన్నాడు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, మీటరు బోర్డు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టాడు.

"దీనికి ఈ పాయింటు ఆగదప్పా. మీటరు బోర్డు నుంచి సపరేటు లైను లాగల్ల. లావు వైరు, దానికొక ఎంసీబీ స్విచ్చి, పెద్ద సాకెట్టు. అంతకంటే ముందు ఎర్త్ చూడల్ల."

"ఎర్త్ ఉంది. ఇల్లు కట్టినప్పుడే కాంట్రాక్టరు గుంత తీసి పెట్టాడు. అదిగో, ఆగ్నేయ మూల. వాస్తు ఆయన చూసి చెప్పిన చోటే పెట్టించాం."

"మూల సరిగానే ఉండాది. లోపల ఏముండాదో మూత తీసి చూడల్ల. ఇది ఇనుప డబ్బా అప్పా. ఎర్త్ లేకుండా ముట్టుకోరాదు. రెండు దినాల పని."

రెండు రోజులు అనగానే దామోదర్ ఉత్సాహం చల్లారింది. ఆదివారం నాటికి ఫోటో పెడతానని ఆఫీసు గ్రూపులో అప్పటికే చెప్పేశాడు. పైగా రాత్రి పడుకునే ముందు అతను ఈ విషయం మీద నాలుగు వీడియోలు చూసి ఉన్నాడు.

"అంత అవసరం లేదులెండి. నేను చేసుకుంటాను."

చిక్కమునియప్ప టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. "సరే అప్పా. మీరు చదువుకున్నోళ్ళు" అని వెళ్ళిపోయాడు. దామోదర్ దాన్ని పొగడ్త కింద జమ చేసుకున్నాడు.

టిఫిను తింటూ మరో పది వీడియోలు చూశాడు. వాటిలో తొమ్మిదింటిని ఒకే అమెరికా ఆయన చేశాడు. ఆయన గ్యారేజీ దామోదర్ ఇల్లంత ఉంది. తొమ్మిదీ అయ్యాక గానీ ఆ దేశం కరెంటు వేరనీ, వైర్ల రంగులు కూడా వేరనీ తెలియలేదు. పదోది హిందీలో ఉంది. అది రెండుసార్లు చూశాడు. తర్వాత హార్డ్‌వేర్ అంగడికి పోయి ఎరుపు, నలుపు, పచ్చ రంగుల్లో లావు రాగి వైర్లు, ముప్పై రెండు ఆంపుల ఎంసీబీ, మూతపడే నీలం సాకెట్టు, ప్లాస్టిక్ పైపులు తెచ్చాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే పని శుభ్రంగా చేశాడు. మెయిన్ ఆపాడు. టెస్టరు పెట్టి ఆగిందో లేదో రెండుసార్లు చూశాడు. పైపును గోడ మీద మట్టం పెట్టి మరీ బిగించాడు. ఎరుపు ఎంసీబీకి, నలుపు న్యూట్రలుకు, పచ్చ వైరును ఇంట్లోని పచ్చ వైర్లన్నీ వచ్చి కలిసే ఇత్తడి పట్టీకి కలిపాడు. ప్రతి మరనూ చేయి నొప్పి పుట్టేదాకా బిగించాడు. ఇత్తడి పట్టీ నుంచి కిందికి దిగే మరో పచ్చ వైరు గోడలోకి పోయింది. గోడ దాటాక అది ఎక్కడికి పోతుందో ఏ వీడియోలోనూ చూపించలేదు.

అతను సాకెట్టు బిగిస్తూ ఉండగా హనుమక్క బిందె తీసుకుని మెట్లు దిగి వచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"సార్, కరెంటు పనే చేస్తాండారు కదా. మా గీజరు గూడా ఒకసారి చూస్తారా? నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటాది."

ఆ గీజరు మొదట దామోదర్ వాళ్ళదే. కింద కొత్తది పెట్టించుకున్నప్పుడు పాతదాన్ని పారేయడం ఎందుకని పైగదికి ఇచ్చాడు. అలా ఇచ్చిన సంగతి అతను ఇద్దరు ముగ్గురు స్నేహితులతో చెప్పుకున్నాడు కూడా. జుమ్మంటుందని హనుమక్క అంతకు ముందు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అతను ఓపిగ్గా వివరించాడు. ఇప్పుడు మూడోసారి.

"చెప్పాను కదా హనుమక్కా, అది స్టాటిక్. గాలి పొడిగా ఉంటే అట్లా వస్తుంది. ఒంట్లోనే ఉంటుంది అది."

"వానాకాలంలో గూడా వస్తాది సార్."

"అది వేరే రకం స్టాటిక్."

హనుమక్క తల ఊపి బిందెతో పంపు దగ్గరికి పోయింది.

సాయంత్రం ఐదింటికి దామోదర్ మెయిన్ వేశాడు. బూట్లు, గ్లవుజులు, ఏప్రాను, హెల్మెట్టు అన్నీ వేసుకుని మిషన్ ఆన్ చేసి కడ్డీ తాకించాడు. తెల్లటి వెలుగు పుట్టింది, చిటపటమని నిప్పురవ్వలు రాలాయి. ఇంట్లో ఒక్క బల్బు కూడా ఆరలేదు. శైలజ మెట్ల మీద నుంచి చూసి "బాగుంది" అంది. ఆమె నోట ఆ మాట అరుదు గనక దామోదర్ ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. నలభై ఒక్క బొటనవేళ్ళు వచ్చాయి. రొట్టెలు కాల్చేవాడు మాత్రం ఏమీ పెట్టలేదు.

ఆదివారం పొద్దున శైలజ ఒక మాట అంది. ఇనుముతో, నిప్పుతో పని. మొదలుపెట్టే ముందు మిషన్‌కు పూజ చేయండి. దామోదర్‌కు అభ్యంతరం లేదు. శైలజ గ్యారేజీ కడిగించి, ముగ్గు వేసి, నిమ్మకాయ, పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టి తెచ్చింది. దామోదర్ స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చాడు. పూజ గనక బూట్లు లేవు. బొట్టు పెట్టాలి గనక గ్లవుజులు లేవు. ముందురోజు అతను అంత శ్రద్ధగా తొడుక్కున్న రక్షణ మొత్తం దేవుడి ముందు మర్యాదగా విప్పి గోడవారన పెట్టాడు. ప్లగ్గు నీలం సాకెట్లో ఉంది. మిషన్ స్విచ్చి వేయలేదు.

తడి నేల మీద వట్టి కాళ్ళతో కూర్చుని, మిషన్ కదలకుండా ఎడమ చేత్తో ఇనుప పిడి పట్టుకుని, కుడి చేతి ఉంగరం వేలితో కుంకుమ తీసుకున్నాడు. అప్పుడే అతని ఎడమ చేయి పిడికి బిగుసుకుపోయింది.

అరవాలనుకున్నాడు. గొంతులోంచి ఏదో గరగర వచ్చింది. చేయి తనది కానట్టు వణుకుతోంది, వదలమంటే వదలడం లేదు. శైలజ పళ్ళెం పడేసి అతని భుజం పట్టుకోవడానికి వంగింది.

"ముట్టుకోవాకండమ్మా."

తిరుపాలు. భుజాన సంచీతో పనికి బయలుదేరి మెట్లు దిగుతున్నవాడు చివరి నాలుగు మెట్లూ ఒక్క దూకున దూకాడు. దామోదర్ వైపు పోలేదు. నేరుగా మీటరు బోర్డు దగ్గరికి పోయి మెయిన్ కిందికి లాగాడు. దామోదర్ చేయి ఊడి, అతను వెనక్కి కారు చక్రం మీద పడ్డాడు. అంతా కలిపి ఆరేడు క్షణాలు పట్టి ఉంటుంది. దామోదర్‌కు అది తన ఉద్యోగకాలమంత పొడుగ్గా అనిపించింది.

శైలజ అతని తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది. మిషన్‌కు పెట్టాల్సిన కుంకుమ పంచె మీదా చొక్కా మీదా పూసుకుపోయి, చూసేవాళ్ళకు హత్య జరిగినట్టుంది. తిరుపాలు అతని గుండె మీద చేయి పెట్టి చూసి, చేతివేళ్ళు ముడిచి తెరవమన్నాడు. తెరవగలిగాడు.

"మిషన్ ఆన్ చేసినారా సార్?"

"లేదు. ప్లగ్గు మాత్రం పెట్టి ఉంది. స్విచ్చి వేయకుండా ఎట్లా కొడుతుంది?"

తిరుపాలు మిషన్‌ను చూశాడు. నీలం సాకెట్టును చూశాడు. పైపు వెంట చూపు బోర్డు దాకా పోయింది. తర్వాత డాబా వైపు తల ఎత్తాడు.

"పైన మావాళ్ళు గీజరు వేసినారు సార్. అది లీకవుతా ఉంది. లీకైన కరెంటు పచ్చ వైరు గుండా భూమిలోకి పోవల్ల. దానికి దావ లేకపోతే పచ్చ వైరు యాడికి పోతే ఆడికి పోతాది. ఇన్నాళ్ళూ మా బాత్రూములో నిలబడి ఉండె. మీ ఇంట్లో నేల పొడిగా ఉంటాది గనక మీకు తెలీలేదు. నిన్న మీరు దానికి ఇంకో దావ చూపించినారు." పైపు మీద వేలు పెట్టి, "బాగా బిగించినారు సార్. అందుకే నీట్‌గా వచ్చింది" అన్నాడు.

అతను వెక్కిరించడం లేదు. పనివాడు పనిని చూసి చెప్పిన మాట అది. దామోదర్‌కు అందుకే మరింత గుచ్చుకుంది.

"నీకు ఇవన్నీ ఎట్లా తెలుసు?"

"నేను వెల్డర్ని సార్. పదహైదేండ్ల నుంచి. ఇప్పుడు దేవనహళ్ళి కాడ షెడ్లు కడతాండాం."

సంచీ మూతి తెరిచి ఉంది. లోపల అంచులు కాలిన తోలు గ్లవుజులు, గీతలు పడ్డ నల్ల అద్దం కనిపిస్తున్నాయి. మూడేళ్ళుగా ఆ సంచీ రోజూ పొద్దున దామోదర్ కారు పక్కనుంచే పోతోంది. శైలజ మొగుడి వైపు చూసింది. పద్నాలుగు వీడియోలు అని ఆమె అనలేదు. అనవలసిన పని లేకపోయింది.

మెయిన్ మళ్ళీ వేసేలోగా తిరుపాలు పైకి పోయి గీజరు వైరు ఊడదీసి వచ్చాడు. ఆ రోజు పనికి రాలేనని మేస్త్రీకి ఫోను చేసి చెప్పాడు. శైలజ చిక్కమునియప్పకు ఫోను చేసింది.

చిక్కమునియప్ప వచ్చాడు. నేను ముందే చెప్పలేదా అని అనలేదు. అనుంటే దామోదర్ కొంచెం కోపం తెచ్చుకుని తేలికపడేవాడు. ఆయన సంచీలోంచి హోల్డరుకు తగిలించిన బల్బు ఒకటి తీశాడు. రెండు వైర్లూ ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే భగ్గున వెలిగింది. న్యూట్రలు వైపుది తీసి ఎర్తుకు పెడితే మిణుకైనా లేదు. ఇంట్లో ఏ ప్లగ్గు దగ్గర పెట్టినా అంతే. తర్వాత ముగ్గురూ ఆగ్నేయ మూలకు పోయారు.

పచ్చ రంగు వేసిన సిమెంటు మూత, మధ్యలో ఎర్త్ అని తెల్లటి అక్షరాలు, పట్టుకోవడానికి కొక్కెం. గృహప్రవేశం నాడు దామోదర్ దాన్ని వచ్చినవాళ్ళకు చూపించాడు. తిరుపాలు గడ్డపారతో మూత లేపాడు. లోపల ఎర్తు గుంతలో ఉండాల్సిన రాగి పైపు లేదు, రేకు లేదు, బొగ్గు లేదు, ఉప్పు లేదు. జానెడు ఇసుక ఉంది, విరిగిన టైలు ముక్కలు రెండున్నాయి. గోడలోంచి పచ్చ వైరు వేలెడంత బయటికొచ్చి, ఇక పోవడానికి ఏమీ లేక ఆగిపోయింది.

చిక్కమునియప్ప వంగి ఇసుకను వేలితో కదిపి చూశాడు. "లోపల ఏమీ లేదప్పా. మూత మాత్రం చాలా బాగా చేసిండారు" అన్నాడు.

దామోదర్ మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. నీళ్ళ ట్యాంకు చూడటానికి తప్ప అటు పోయినవాడు కాదు. శైలజ వెనకే వచ్చింది. హనుమక్క గది బయట కూర్చుని పాపకు తల దువ్వుతోంది. పక్కనే బాత్రూము తలుపు తెరిచి ఉంది. లోపల నేల మీద చెక్క పలక ఒకటి పరిచి ఉంది. గడప దగ్గర సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి ఉంది. చెరిగిపోతే మళ్ళీ గీసిన గీత, లావుగా.

"ఆ గీత ఏమిటి?" అన్నాడు దామోదర్.

"పాపకు సార్. నేను స్విచ్చి ఆపి, బకెట్లోకి నీళ్ళు పట్టినంక పిలుస్తా. అంతవరకు గీత దాటరాదు. ఒకసారి కొళాయి పట్టుకోని ఏడ్చింది. అప్పుటి నుంచి గీస్తాండా."

"ఈ పలక?"

"దాని మీద నిలబడితే అంతగా జుమ్మనదు. ఆయప్ప తెచ్చిచ్చినాడు సైట్ నుంచి."

పాప గీత దగ్గరికి పోయి, దాటకుండా, ఎలా నిలబడాలో దామోదర్‌కు చూపించింది. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని.

దామోదర్ ఎడమ చేయి ఇంకా నొప్పిగా ఉంది. పెద్దవాడు, డెబ్బై ఐదు కిలోల మనిషి. చేయి ఎవరో వచ్చి విడిపిస్తే తప్ప విడిపించుకోలేకపోయాడు. అతను పాప చేతుల వైపు చూసి, చూపు తిప్పుకుని, నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాడు. శైలజ హనుమక్క పక్కన నేల మీద కూర్చుంది.

"తిరుపాలుకు ఇదంతా తెలుసు కదా. నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా" అన్నాడు చివరికి. తప్పును పంచుకోవడానికి మనిషిని వెతుక్కోవడం అతనికి ఆఫీసులో అలవాటైన విద్య.

తిరుపాలు గడ్డపార పట్టుకుని అప్పుడే పైకొచ్చాడు. "చెప్పినా సార్. పోయినేడు గేటు కాడ. ఎర్త్ ఒకసారి చూపించండి సార్ అంటి. మీరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోని మాట్లాడతాండిరి. తల ఊపినారు. చేస్తారేమో అనుకున్యా. ఇంకోసారి అడిగితే గది ఖాళీ చేయమంటారేమోనని ఊరకుండిపోతి."

దామోదర్‌కు గేటు గుర్తు రాలేదు, తిరుపాలు గుర్తు రాలేదు. అలా తల ఊపినవి ఎన్నో ఉన్నాయి, అందులో ఇదొకటి.

"తప్పు నాదే హనుమక్కా" అన్నాడు.

"పోనీలే సార్" అంది హనుమక్క, జడకు రిబ్బను ముడివేస్తూ. "మీకు గూడా తగిలింది కదా. ఇంక నమ్ముతారు."

పని రెండు రోజులు పట్టింది, చిక్కమునియప్ప మొదట చెప్పినట్టే. మనిషి లోతు గుంత తీసి, రాగి పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి, వైరును దానికి అతికించారు. గుంత తవ్వింది తిరుపాలు, మట్టి ఎత్తిపోసింది దామోదర్. బోర్డులో కొత్త డబ్బా ఒకటి బిగించి, ఇకమీద ఎక్కడ లీకైనా రెప్పపాటులో కరెంటు ఆపేస్తుందని చిక్కమునియప్ప దాని బటను నొక్కి చూపించాడు. ఆ డబ్బా బిగించే ముందు బల్బు పెట్టి చూస్తే ఈసారి ఎర్తు వైపు కూడా భగ్గున వెలిగింది. పాత గీజరును శైలజ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. కింద ఉన్న కొత్తదాన్ని ఊడదీయించి పైన పెట్టించింది. తమకు ఇంకొకటి వచ్చేదాకా వారం రోజులు పట్టింది. ఆ వారం దామోదర్ చన్నీళ్ళు పోసుకున్నాడు. డిసెంబరు నెల.

మంగళవారం ఆఫీసులో ఎవరో మిషన్ సంగతి అడిగారు. ఎర్తింగులో చిన్న సమస్య ఉండింది, సరిచేశాం అన్నాడు. కుండలు చేసే ఆమె, మీరే చేశారా అంది. టీముగా చేశాం అన్నాడు. ఇసుక గురించీ సుద్ద గీత గురించీ చెప్పలేదు. లిఫ్టు దగ్గర హనుమక్క కనబడితే మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, పాప బడికి పోయిందా అని అడిగాడు. టీములోవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

తర్వాతి ఆదివారం డాబా మెట్లకు పడకుండా పట్టుకునే పక్క కంబీలు లేవని శైలజ తిరుపాలుతో అంది. పాప పరుగెత్తి దిగుతుంటే తనకు భయమేస్తుందట. ఇల్లు కట్టి ఏడేళ్ళయింది. తిరుపాలు పైపులు కొలిచి కోయించుకొచ్చాడు. నీలం సాకెట్లో ప్లగ్గు పెట్టి, ముందు చేతి వెనక భాగంతో డబ్బాను తాకి చూసి, ఆ తర్వాతే పిడి పట్టుకున్నాడు. దామోదర్ తనకూ నేర్పమన్నాడు. మొదటి కడ్డీ పైపుకు అతుక్కుపోయింది. రెండోది అతుక్కుపోయింది. మూడోది పైపుకు బొక్క పెట్టింది.

"సార్, మీరు ముందు పైపు పట్టుకోండి. నేను వెల్డింగ్ కొడతా" అన్నాడు తిరుపాలు.

"ఎట్లా పట్టుకోవాలి?"

"ఏం లేదు సార్. నిట్టనిలువుగా. కదలగూడదు. మొగం గోడ తట్టు తిప్పుకోండి."

దామోదర్ బూట్లు, గ్లవుజులు, ఏప్రాను, హెల్మెట్టు అన్నీ వేసుకుని, గోడ వైపు తిరిగి, మధ్యాహ్నం దాకా పైపులు పట్టుకున్నాడు. కదలలేదు. ఆ పనికి సారు బాగానే పనికొస్తాడని ఆ రోజు అన్నం తింటూ తిరుపాలు హనుమక్కతో చెప్పాడట.